అశ్రి శబ్దార్థనిర్ణయము – బాలురకు ఘనాకృతి బోధన

చదరము, ఘనము అను రెండు మాటలు ప్రాథమిక పాఠశాలలో అడుగిడిన రెండు మూడేండ్లలోనే బాలుని చెవిని బడును. చదరమును కాగితముపై గీయుదురు. ఘనమును సయితము కాగితముపైనే గీయుదురు. ఘనపు బొమ్మను చూపి ఇదేమని అడిగినప్పుడు పిల్లవాడు చదరమని బదులు చెప్పుట వింత కాదు. అతనికి ఆ బొమ్మలో కనబడునది చదరమే. సంస్కృత పాఠశాలలో ఇదే స్థితి వేఱొక రూపమున గోచరించును. లీలావతిలోని ఖాతవ్యవహారమును తడబడక వల్లించు విద్యార్థి, ద్వాదశాశ్రమునందు పండ్రెండైనవి ఏవి యని అడిగినచో ఒక్కొకప్పుడు నిలిచిపోవును. రెండు లోపములకును మూలమొక్కటియే. లెక్కింపవలసిన వస్తువు చేతిలో లేదు.

అశ్రి శబ్దముయొక్క అర్థము గణనచేతనే నిర్ణీతమగుననియు, ఆ గణన వస్తువును చేత బట్టి జరుగవలెనని ప్రాచీనులే సూచించిరనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. ఆ సూచనను పల్లెబడిలో ఆచరించు విధానమును కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతములోని కొండాపురమున దొరకు వస్తువులతో వివరింపబడును.

శబ్దవిచారము

త్ర్యశ్రము, చతురశ్రము, పంచాశ్రము మొదలగు సమతలాకృతుల పేర్లు అశ్రి శబ్దసంబంధమున ఏర్పడినవి. తెలుగున చతురస్రమని దంత్యసకారముతో వ్రాయుటయే నేడు వాడుక. సంస్కృతగ్రంథములలో రెండు రూపములును కానవచ్చును. అమరసింహుడు క్షత్రియవర్గమునందు ఆయుధప్రసంగమున కోణ, పాలి, అశ్రి, కోటి శబ్దములను ఒక్కచోట పర్యాయములుగా కూర్చినాడు. అనగా అంచును అశ్రియే, మొనయు అశ్రియే.

ఈ రెండర్థముల కలయిక సమతలాకృతి విషయమున ఏ చిక్కును కలిగింపదు. ముక్కోణమునకు మూలలు 3, అంచులును 3. చదరమునకు మూలలు 4, అంచులును 4. దేనిని లెక్కించినను సంఖ్య ఒక్కటియే కావున పదము దేనిని చెప్పుచున్నదను ప్రశ్నయే పుట్టదు. చిక్కు ఘనాకృతి వద్ద ఆరంభమగును.

ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయమున, గణితపాదము మూడవ శ్లోకమునందు ఘనమును రెండు విధముల నిర్వచించినాడు. సమానములైన మూడు రాశుల గుణనఫలము ఒకటి. ద్వాదశాశ్రి యైన ఆకృతి రెండవది. భాస్కరాచార్యుడు 1150 నాటి సిద్ధాంతశిరోమణిలో తొలి భాగమైన లీలావతియందు, పొడవును వెడల్పును మందమును ఒక్కొక్క హస్తముగా గల ద్వాదశాశ్రమునకు ఘనహస్తమని పేరు పెట్టినాడు. ఘనమునకు మూలలు 8, పలకలు 6, అంచులు 12. కావున ఇచట అశ్రి యనగా మూల కాదు, పలక కాదు, అంచు మాత్రమే. నిఘంటువు రెండుగా విడిచిన అర్థమును సంఖ్య ఒకటిగా తేల్చినది.

ఆర్యభటీయముననే ఆఱవ శ్లోకమున షడశ్రి యను ఆకృతి చెప్పబడినది. పదమును మాత్రమే వినువాడు దానిని ఆరు పలకల వస్తువుగా భ్రమించి ఘనమునే తలంచు ప్రమాదము కలదు. షడశ్రి త్రిభుజాధారముపై మొనదేలిన ఆకృతి. దానికి మూలలు 4, పలకలు 4, అంచులు 6. ఇచటను సంఖ్యయే సాక్షి.

ఆకృతిని పూర్తిగా లెక్కించితిమా, కొంత భాగమునే లెక్కించితిమా అనునది కూడ చూడవలెను. శ్రౌతమున యూపము అష్టాశ్రిగా ఉండవలెననుట ప్రసిద్ధము. అచట లెక్కకు వచ్చునవి నిలువు అంచులు మాత్రమే. ఎనిమిది పలకల కంబమును క్రింది ముఖముతోను పై ముఖముతోను పూర్తిగా లెక్కించినచో అంచులు 24 అగును. శిల్పి సమతలమునందలి ఎనిమిది మూలలనే నిలువునకు సాగదీసి చూచును; గణకుడు వస్తువును నలువైపుల త్రిప్పి చూచును. ద్వాదశాశ్రి యను పేరు గణకుని దృష్టితో పుట్టినది. త్రిప్పి చూడనివానికి ఆ పేరు శబ్దమాత్రముగానే మిగులును.

సంస్కృతమున ఇట్లు కలిసిన అర్థములు తెలుగున విడివిడిగానే ఉన్నవి. మూల, అంచు, పలక అను మూడు మాటలు పల్లెటూరి పిల్లవానికి బడికి రాకముందే తెలియును. బోధన ఈ మూడు మాటలతో మొదలిడి అశ్రి శబ్దమును చేరవలెను గాని, అశ్రి శబ్దముతో మొదలిడరాదు.

మట్టితో చూపుట

ఆర్యభటీయమునకు 629లో భాష్యము రచించిన ప్రథమ భాస్కరుడు, ఘనముయొక్క అశ్రులను మట్టితో గాని మఱియొక ద్రవ్యముతో గాని చూపవలెనని నిర్దేశించినాడు. శ్లోకమునకు పదచ్ఛేదము చేసి, ఉదాహరణమునిచ్చి, లెక్క కట్టి చూపు భాష్యకారుడే ఇచట వాక్కు చాలదని గ్రహించినాడు. క్షేత్రమును నేలపై గీయవచ్చును. ఘనమును గీసినచో వెనుకటి అంచులు మఱుగుపడును. కావున మట్టి కావలసివచ్చినది. చేతితో తాకి నేర్చుకొను పద్ధతి విదేశములనుండి వచ్చినదని తలంచువారు ఈ భాష్యస్థలమును ఒక్కసారి పరికింపవలెను.

జర్మనీలో 1837లో బాలవిద్యాలయమును నెలకొల్పిన ఫ్రోబెల్ పిల్లల చేతికి ముందుగా బంతిని, స్తంభాకృతిని, ఘనమును ఇచ్చెను. అటుపిమ్మట ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు ఘనమును ఇచ్చెను. సమతలమైన పలకలు ఆ తరువాత వచ్చినవి. మన గ్రంథములలో క్షేత్రవ్యవహారము ముందు, ఖాతవ్యవహారము వెనుక. శాస్త్రక్రమమునకు అది తగినదే, ఏలయన క్షేత్రఫలము తెలియనిదే ఘనఫలము కట్టుటకు వీలు లేదు. బాలునకు మాత్రము ఫ్రోబెల్ క్రమమే అనుకూలము. దానికి స్థూలారుంధతీన్యాయము మనకు ఉండనే ఉన్నది. స్థూలతారను ముందు చూపి పిదప అరుంధతిని చూపుదురు. చేతికి దొరకు ఘనము స్థూలము. మందము లేని చదరము సూక్ష్మము. ఘనముయొక్క పలకగా తప్ప అది లోకమున ఎచ్చటను విడిగా దొరకదు.

కొండాపురము బండలు

జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల పరిసరముల నాపరాయి కడప బండ యను పేర దూరదేశములకు పోవుచున్నది. కొండాపురమున పిల్లవాడు కూర్చుండు అరుగు, నడచు గచ్చు తఱచుగా ఆ బండయే. బండను చదరపు అడుగుల లెక్కన అమ్ముదురు. మందము అన్నింటికిని ఇంచుమించు సమానము కావున దానిని లెక్కలోనికి తీసికొనరు. వ్యవహారమునకు ఇది చాలును. పిల్లవాని మనస్సులో మాత్రము బండయే చదరమను భ్రాంతి నాటుకొనును.

మొదటి పాఠము ఇచటనే. చేతిలో ఇముడు చిన్న బండముక్కను పిల్లవానికిచ్చి మూలలెన్ని యని అడుగవలెను. నాలుగని చెప్పును. కన్నులు మూసికొని వ్రేలితో తడుముమనవలెను. క్రిందివైపున మఱి నాలుగు మూలలు వ్రేలికి తగులును. అంచులను తడిమినచో పైన నాలుగు, క్రింద నాలుగు, ప్రక్కల పొట్టివి నాలుగు. బండ ఎంత పలుచనైనను దాని అంచులు 12. బండ వేఱు, బండ పలక వేఱు అను వివేకము ఈ ఒక్క తాకుడుతో కలుగును. చదరమని పిలువదగినది పైపలక మాత్రమే.

పుల్లలు, మట్టియుండలు

రెండవ పాఠమునకు జొన్నదంటు పుల్లలు, తడిమట్టి ఉండలు చాలును. పన్నెండు సమానమైన పుల్లలను, ఎనిమిది ఉండలను ఇచ్చి పెట్టె ఆకారమును కట్టుమనవలెను. అన్నియు ఖర్చగువఱకు రూపము పూర్తికాదు, పూర్తియైన పిదప ఒక్కటియు మిగులదు. ఇచట గణన వేఱుగా చేయవలసిన పని కాదు, కట్టుటయే గణన. పిదప ఆరు పుల్లలు, నాలుగు ఉండలు ఇచ్చినచో షడశ్రి వచ్చును. ద్వాదశాశ్రి చేతితో నొక్కినచో ప్రక్కకు ఒరుగును, షడశ్రి కదలక నిలుచును. త్రిభుజముయొక్క గట్టిదనమును గూర్చి ఉపన్యసింప పనిలేదు.

లెక్కలో పిల్లలు చేయు సహజమైన పొరపాటొకటి కలదు. ఒక్కొక్క పలకకు నాలుగంచులు, పలకలు ఆరు, కావున అంచులు 24 అందురు. దీనిని తప్పని కొట్టివేయరాదు. లెక్కించిన అంచుమీద సున్నపు చుక్క పెట్టుమనవలెను. ప్రతి అంచుమీదను రెండేసి చుక్కలు పడుట చూచి, ఒక్కొక్క అంచు రెండు పలకలకు ఉమ్మడిసొత్తని పిల్లవాడే కనుగొనును. 24లో సగము 12. మూలలను అట్లే లెక్కించినచో ఒక్కొక్క మూలమీద మూడేసి చుక్కలు పడును. 24లో మూడవ వంతు 8.

మూలలను పలకలను కూడినచో అంచులకంటె రెండు హెచ్చుగా వచ్చుననుట పెద్దపిల్లలకు సరిచూచుకొను సాధనము. ఘనమునకు 8, 6 కలిసి 14, అంచులు 12. షడశ్రికి 4, 4 కలిసి 8, అంచులు 6. ఎనిమిది పలకల కంబమునకు మూలలు 16, ముఖములు 10 కలిసి 26, అంచులు 24. ఐరోపా గణితజ్ఞుడు ఆయిలర్ ఈ నియమమును 1750లో తన మిత్రుడు గోల్డ్‌బాఖ్‌కు లేఖలో తెలిపెను.

ఇరువదియేడు ఇటుకలు

మూడవ పాఠము ఘనఫలమునకు సంబంధించినది. ఒక్క అచ్చులో పోసి ఎండబెట్టిన 27 సమఘనమైన మట్టి ఇటుకలు కావలెను. మొదట తొమ్మిదింటిని నేలపై మూడు వరుసలుగా పేర్పించవలెను, అది చదరము. దానిపై రెండవ వరుస, మూడవ వరుస పేర్చినచో ఘనము. శుల్బకారులు అగ్నిచయనమున చేసినదియు ఇదియే. వరుసకు 200 ఇటుకలతో ఏడున్నర చదరపు పురుషముల క్షేత్రమును నింపి, అట్టివి ఐదు వరుసలు పేర్చి, 1000 ఇటుకలతో చితిని ముగింతురు. క్షేత్రమునుండి ఘనమునకు పోవు మార్గము వరుసల లెక్కయే.

పేర్చిన ఘనమునకు అడుగుభాగము సహితముగా వెలుపలి పలకలన్నింటికిని జాజు పూయించి, ఆరిన పిదప విడదీయించి, ఇటుకలను వేఱుపఱచుమనవలెను. మూడు వైపుల జాజు అంటినవి 8, అవి మూలలవి. రెండు వైపుల అంటినవి 12, అవి అంచులవి. ఒక వైపున అంటినవి 6. అవి పలకల నడుమవి. ఏమియు అంటనిది ఒక్కటి, అది గర్భమునందలిది. అన్నియు కలిసి 27. ద్వాదశాశ్రి యను పేరులోని పండ్రెండు పిల్లవాని యెదుట కుప్పగా పడియుండును. ఆ కుప్పను చూపి ఇవియే అశ్రులని చెప్పినచో ఆ పదమును అతడు మరువడు. గర్భమునందలి ఆ ఒక్క ఇటుక మఱింత ముఖ్యము. చిత్రపటమున ఎన్నడును కనబడనిది అదియే. ఘనమునకు లోపల ఉన్నదను జ్ఞానము దానివలననే కలుగును.

షడశ్రి: సగమా, మూడవ వంతా

పైన చెప్పిన ఆఱవ శ్లోకమున ఆర్యభటుడు షడశ్రి ఘనఫలమును ఆధారక్షేత్రఫలము, ఎత్తుల గుణనఫలములో సగముగా చెప్పినాడు. ప్రథమ భాస్కరుని భాష్యమును ఆ సగమునే అనుసరించినది. వాస్తవమునకు అది మూడవ వంతు. బ్రహ్మగుప్తుడు 628లోనే బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున సూచీఖాతఫలము సమఖాతఫలములో మూడవ వంతని విధించినాడు. లీలావతియందును అదియే నియమము.

ఈ సగము ఎట్లు వచ్చియుండునో ఊహించుట కష్టము కాదు. అదే శ్లోకపు పూర్వభాగమున త్రిభుజక్షేత్రఫలము చెప్పబడినది. అచట సగము సరియైనది. నలుమూలల బండను కోణమునుండి కోణమునకు కోసినచో రెండు సమాన త్రిభుజములగును. ఆ సామ్యమును సమతలమునుండి ఘనమునకు కొనిపోయినచో సగమే వచ్చును. π విలువను దశాంశమున నాలుగు స్థానములవఱకు సరిగా ఇచ్చిన ఆచార్యుని మహత్తునకు ఇందువలన న్యూనత లేదు. ఆ భాష్యకారుడే ద్వాదశాశ్రి అంచులను మట్టితో చూపుమన్నాడనుట మాత్రము స్మరింపదగినది. అంచులను లెక్కించుటకు వచ్చిన మట్టి ఫలమును కొలుచుటకు రాలేదు. వచ్చియుండినచో సగము నిలిచెడిది కాదు.

పల్లెబడి పిల్లవాడు దీనిని నిముషములో తేల్చగలడు. గట్టి అట్టతో ఒకే కొలతగల త్రిభుజాధారముపై, ఒకే ఎత్తున రెండు పాత్రలు చేయవలెను. ఒకటి నిలువుగోడలది, రెండవది మొనదేలినది. మొనదేలిన పాత్రను కొఱ్ఱలతో నింపి నిలువుగోడల పాత్రలో పోయుచు లెక్కింపవలెను. సగమను నియమము సత్యమైనచో రెండు పోతలకు నిండవలెను. నిండదు, మూడవ పోతకు నిండును. ప్రాచీనోక్తిని పరీక్షించుట అపచారమని శంకించువారికి బ్రహ్మగుప్తుడే సమాధానము.

నేల కొలత, నీటి కొలత

ఈ వివేకము కొండాపురము బాలునకు కేవలము పరీక్షాప్రయోజనము కాదు. 2020లో గండికోట జలాశయమున నీరు నిలుపు మట్టమును పెంచినప్పుడు కొండాపురము మండలములోని తాళ్ళప్రొద్దుటూరు వారు ఇండ్లు విడువవలసివచ్చినది. అట్టి కుటుంబముల పిల్లలు ఇంటిలో రెండు జాతుల సంఖ్యలను విందురు. పోయిన పొలము ఎకరములలో, సెంట్లలో. వచ్చిన నీరు టి.ఎం.సి.లలో. మొదటిది క్షేత్రము, రెండవది ఘనము. రెండింటికిని భేదమెఱుగనివానికి ఆ సంఖ్యలు శబ్దములే.

ఒక టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. అది అన్ని అంచులును వేయి అడుగులైన ద్వాదశాశ్రి. దాని అడుగుపలక సుమారు 23 ఎకరములు. ఆ నీటినే ఒక్క అడుగు లోతున పఱచినచో సుమారు 23 వేల ఎకరములు కప్పును. గండికోట జలాశయపు సామర్థ్యము 26.85 టి.ఎం.సి.లు. పిల్లవాడు జాజు పూసి విడదీసిన ఇటుకలు 27. ఒక్కొక్క ఇటుకను ఒక్కొక్క టి.ఎం.సి.గా భావించినచో, తన ఊరిని ముంచిన జలాశయపు నిండుకొలత కొద్ది తక్కువగా అతని యెదుటనే ఉన్నది. మూడు వేల అడుగుల అంచుగల ఘనము అది. ఒక అడుగు పెట్టెను చేసి లీటరు పాత్రతో నింపించినచో ఇరువదియెనిమిది పాత్రలకు మించి కొంచెము పట్టును. ఘనపుటడుగు అనుమాటకు చేతిలో బరువు ఏర్పడును. సామర్థ్యపు పలకమీది సంఖ్యను ఆ బాలుడు ఇక అర్థముతో చదువగలడు.

ఉపసంహారము

ప్రాచ్యకళాశాలలలో శిక్షణ పొందిన పండితులే అనేకులు పల్లెబడులలో భాషాధ్యాపకులగుచున్నారు. చతురశ్రము, ఘనము, షడశ్రి అను పదములు వారి నోటనే పిల్లలకు చేరును. పదమును మాత్రమే అందించినచో ఎనిమిదియో పండ్రెండో తెలియని సందేహము తరతరములకు సంక్రమించును. కావున లీలావతీ పరిభాషాప్రకరణమును, ఆర్యభటీయ గణితపాదమును బోధించు తరగతిలో మూడు వస్తువులుండుట అవసరము: పన్నెండు పుల్లల పంజరము, ఇరువదియేడు ఇటుకల పెట్టె, మూడు పోతలకు నిండు పాత్రల జత. వీనికగు వ్యయము స్వల్పము. విద్యార్థి శ్లోకమును వల్లించి, వెంటనే వస్తువును చేత బట్టి పండ్రెండింటిని వ్రేలితో చూపి లెక్కింపవలెను. ఆ లెక్క పూర్తియైనప్పుడే ఆ శ్లోకమునకు అర్థము చెప్పబడినట్లు.